నూతి గిలక, మాచ్‌ఖండ్ మోకు

అరకు వెళ్ళినవాళ్ళం బొర్రా గుహలు చూసి, కాఫీ తాగి, రైలెక్కి వచ్చేస్తాం. ఇంకా పడమరగా, ముంచంగిపుట్టు దాటి, ఒడిశా సరిహద్దులోని ఒనకఢిల్లీ దాకా పోయేవాళ్ళు తక్కువ. అక్కడ మాచ్‌ఖండ్ నది డుడుమ దగ్గర 500 అడుగులకు పైగా కిందికి దూకుతుంది. ఆ లోయ అడుగునే విద్యుత్ కేంద్రం. దానిలోకి దిగడానికి వించ్ వేశారు. అంటే వాలుగా పట్టాలు, వాటిమీద ట్రాలీ, పైన డ్రమ్ముకు చుట్టుకునే ఉక్కు మోకు. మన నూతి గిలకకు పెద్దక్క అన్నమాట.

దానికీ దీనికీ పోలికేమిటి అనకండి. పదిహేను కిలోల బొక్కెన తోడాలంటే ఆ పదిహేను కిలోల బలమూ మనమే పెట్టాలి. గిలక ఒక్క గ్రాము తగ్గించదు, కిర్రుమనేదైతే ఇంకాస్త ఎక్కువే అడుగుతుంది. అది చేసే ఉపకారమల్లా, పైకి లాగాల్సినదాన్ని కిందికి లాగనివ్వడం. దాంతో మన ఒంటి బరువు మనకు సాయం వస్తుంది. బొక్కెనకే ఇంకో గిలక తగిలించి తాడు దాని కిందుగా తిప్పితే సగం బలం చాలు. కాని రెట్టింపు తాడు లాగాలి. ఈ కొట్లో కొసరు వెయ్యరు!

ఇక వించ్ లెక్క. మనుషులతో సహా ట్రాలీ 2,000 కిలోలనుకుందాం. రెండు మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తెక్కే వాలు అనుకుందాం. అసలు అంకెలు ఇంజనీర్లవి, పద్ధతి మాత్రం ఇదే. రాపిడి మాట వదిలేస్తే, వాలు పుణ్యమా అని మోకు మీద పడేది సగం, 1,000 కిలోల బరువు. సెకనుకు మీటరు చొప్పున లాగితే 9,800 వాట్లు, సుమారు 13 హార్స్‌పవర్. అదే రెట్టింపు వేగంతో నిలకడగా లాగితే? మోకు మీద బలం పెరగదు, మోటారుకు మాత్రం 26 హార్స్‌పవర్ కావాలి. పిల్లలు పరీక్షలో తడబడేది సరిగ్గా ఇక్కడే.

ఇదే లెక్క మనకూ వేసి చూశాను. పది మీటర్ల నూతిలోంచి ఆ బొక్కెనను అర నిమిషంలో తోడితే 49 వాట్లు. అరవై వాట్ల బల్బుకు కూడా చాలదు!

మాచ్‌ఖండ్ పథకాన్ని అప్పటి మదరాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి తలపెట్టాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మదరాసు వాటా మనదయింది. 1955 ఆగస్టులో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ వచ్చి ప్రారంభించారు. ఆరు యంత్రాలూ నిండుగా తిరిగితే సుమారు 115 మెగావాట్లు. మన కొలతలో చెప్పాలంటే, ఇరవై మూడు లక్షలమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా, ఊపిరి తిప్పుకోకుండా నీళ్ళు తోడడం.

ఆ కరెంటు కోసం ఎగువన జోలాపుట్టు దగ్గర నదికి ఆనకట్ట కట్టారు. దాదాపు మూడు వేల కుటుంబాలు, అందులో సుమారు సగం గిరిజనులు, ఊళ్ళు విడిచారు. తీగలు మైదానాలకు దిగాయి. కొండమీది ఆడవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి గెడ్డలోంచి బిందెలు నెత్తినెత్తుకుని గట్టెక్కుతూనే వచ్చారు. అక్కడ గిలకా లేదు, మోకూ లేదు. నూతి దగ్గర నేను ఎత్తేది పదిహేను కిలోల నీళ్ళే. ఆవిడ ఎత్తేది నలభై అయిదు కిలోల తన ఒంటితో కలిపి అరవై. అదే పది మీటర్ల ఎత్తుకు, నాకన్నా నాలుగింతల పని.