సైదాబాదు చెంత ఫ్రెంచి సేనాని సమాధి

పరదేశమున కాపురముండువాడు, తన్ను చూడవచ్చిన మిత్రునకు ఆ నగరమున తనవారి జాడలనే ముందుగా చూపగోరును. హైదరాబాదున వసించు ఫ్రెంచివానికి అట్టి చోటు సైదాబాదునకు చేరువనున్న అస్మాన్‌గఢ్ గుట్ట. 1755లో ఫ్రాన్సుదేశపు గాస్కనీ సీమయందు జన్మించి, నిజాం అలీఖాను కొలువున వేలాది సిపాయీలకు పాశ్చాత్య యుద్ధవిద్య గఱపి, నగరమున తోపుల కార్ఖానా నెలకొల్పిన రేమాన్, 1798 మార్చి 25న మరణింపగా, అతని నిచ్చటనే సమాధి చేసిరి. ఆ యేటి అక్టోబరులోనే ఆంగ్లేయులు అతని దళమును నిరాయుధమొనర్చి చెదరగొట్టిరి. అయినను పౌరులు అతనిని మఱవలేదు. హిందువులును ముస్లిములును భేదమెంచక, వర్ధంతినాడు జాతరగా గుట్టకు తరలివచ్చుచుండిరి. విదేశీ సేనాని కొకనికి ఇంతటి మమత దక్కుట మన చరిత్రయందు మిగుల నపురూపము. అతని సమాధియొక్క రాతిస్తంభము నేటికిని నిలిచియున్నది. చెంతనున్న మండపము 2001లో వానలకు కూలగా, మరల నిర్మించిరి.