డిస్క్ ఆధారిత లాగ్ నిల్వ (మెయిన్‌ఫ్రేమ్)

మస్కట్ బ్యాంకైనా విశాఖ బ్యాంకైనా, ఒక ఖాతాలో తగ్గిన సొమ్ము మరో ఖాతాలో చేరేలోపు యంత్రం ఆగితే లెక్క సరిచేయడానికి ఆధారం, మార్పులను నమోదు చేసే లాగ్. ఐబీఎం జెడ్/ఓఎస్‌పై లావాదేవీలు నడిపే సీఐసీఎస్ లాగ్‌ను పలు సిస్టమ్‌లు పంచుకునే కప్లింగ్ ఫెసిలిటీలో గానీ, కేవలం డిస్క్‌పై గానీ ఉంచవచ్చు. రెండో పద్ధతి ఒకే సిస్టమ్‌కు పరిమితం. ఇందులో ప్రతి రికార్డూ మెమరీ బఫర్‌తోపాటు డిస్క్‌పై ఉండే స్టేజింగ్ డేటాసెట్‌లోకీ వెళ్తుంది. ఆ డేటాసెట్ పైహద్దు వరకు, సాధారణంగా 80 శాతం, నిండగానే జెడ్/ఓఎస్ లాగర్ అక్కర తీరినవాటిని తొలగించి, మిగిలినవాటిలో పాతవాటిని ఆఫ్‌లోడ్ డేటాసెట్లకు తరలిస్తుంది.

ఈ తరలింపే అసలు ఖర్చు. కనుక దాన్ని వేగవంతం చేయడం కన్నా, దాని అవసరమే రాకుండా చూడడం మేలు. సీఐసీఎస్ డిఫాల్టుగా 4000 లాగ్ రాతలకోసారి కీపాయింట్ (ఆ క్షణపు స్థితి నమోదు) తీసుకుని లాగ్ తోకను, అంటే అక్కర తీరిన పాత కొసను, కత్తిరిస్తుంది. ఆ మధ్యలో పోగయ్యేదంతా స్టేజింగ్‌లో ఇమిడితే పాత రికార్డులు అక్కడికక్కడే చెరిగిపోతాయి. డిస్క్ చవకే కదా, స్టేజింగ్ పెంచేస్తే పోలేదా అనవచ్చు. కొంతవరకు నిజమే. కానీ రికార్డులు రాస్తూనే గంటలతరబడి సింక్‌పాయింట్ తీసుకోని, అంటే మార్పులను ఖరారు చేయని, టాస్క్ ఒక్కటున్నా తోక కదలదు. ఎంత పెంచినా నిండుతుంది, యంత్రం ఆగి మళ్లీ లేచేటప్పుడు వెనక్కి చదవాల్సిందీ పెరుగుతుంది. ముందు ఆ ప్రోగ్రామును సరిచేయాలి. ఆ తర్వాతే లాగర్ పనితీరును చూపే ఎస్ఎంఎఫ్ 88 రికార్డుల్లో ఆఫ్‌లోడ్ లెక్కలు, స్టేజింగ్ నిండిన సందర్భాలు చూసి పరిమాణం నిర్ణయించాలి.