పట్టుగూడు వెనక సూక్ష్మజీవి

ధర్మవరం మగ్గం మీద జరీ అంచు మెరుస్తుంది కానీ, ఆ చీర అసలు కథ మల్బరీ ఆకు తినే పురుగుతో మొదలవుతుంది. మైసూరు సీమలో ఆ పురుగును పెంచే పనికి 18వ శతాబ్దం చివర ఊపు తెచ్చినవాడు టిప్పు సుల్తాన్.

పురుగుకు జబ్బు చేస్తే మగ్గం ఆగుతుంది.

19వ శతాబ్దం నడుమ పెబ్రిన్ అనే రోగం ఫ్రాన్స్‌ పట్టు పరిశ్రమను కుదేలు చేసింది. 1865లో అక్కడికి వెళ్లిన లూయీ పాశ్చర్ ఒక తేలిక మార్గం చూపాడు: గుడ్లు పెట్టిన తల్లి చిమ్మటను నూరి సూక్ష్మదర్శినిలో చూడాలి, రోగబీజాలు కనిపిస్తే ఆ గుడ్లను పారేయాలి. గుడ్ల ఉత్పత్తి కేంద్రాల్లో నేటికీ ఇదే పరీక్ష.

వైరస్ వల్ల వచ్చే గ్రాసరీ మరో బెడద. పురుగు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి ద్రవం కారుతుంది. హిందూపురం పక్కన కిరికెరలో ఉన్న రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ, ఫ్రాన్స్‌ శాస్త్రవేత్తలు కలిసి దీనిమీద పనిచేశారు. సీడీఎఫ్‌డీకి చెందిన జె. నాగరాజు బృందం వైరస్‌లోని నాలుగు కీలక జన్యువుల నోరు నొక్కే ఏర్పాటును పురుగు కణాల్లోనే అమర్చింది. ఆర్ఎన్ఏ జోక్యం అనే ఈ పద్ధతి ఫలితాలు 2013లో ‘జెనెటిక్స్’ పత్రికలో వచ్చాయి. రోగాన్ని తట్టుకునే పురుగుల తయారీలో సూక్ష్మజీవశాస్త్రం, కణశాస్త్రం, పట్టు పెంపకం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి.