నైనీతాల్ – సరస్సు, కొండ, కాలువ

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎస్టిమేట్లు, రిపోర్టులు తప్ప మరొకటి రాసినవాణ్ణి కాను. నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసు చెరువులు, కాలువల మీదే గడిచింది. అందుచేత 2022 అక్టోబరులో నేనూ మా ఆవిడా, మా పాత సహోద్యోగి దంపతులూ కలిసి చూసి వచ్చిన ఒక చెరువు ఊరి చరిత్ర రాస్తాను. మనసులో చాలాకాలంగా ఉన్న ఒక మాట కూడా ఈ సందర్భంలో చెప్పుకోవాలని ఉంది. పాఠక మిత్రులు పెద్ద మనసుతో చదవగలరు.

జిల్లా స్వరూపం

నైనీతాల్ ఉత్తరాఖండ్ రాష్ట్రంలో కుమావూఁ ప్రాంతపు జిల్లా. 2000 సంవత్సరం నవంబరు 9న ఆ రాష్ట్రం ఏర్పడేవరకు ఉత్తరప్రదేశ్‌లో భాగం. 1891లో జిల్లా అయింది. మైదానంలోని తరాయి భాగాన్ని 1995లో విడదీసి ఉధంసింగ్ నగర్ జిల్లా చేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి జిల్లాలో సుమారు తొమ్మిదిన్నర లక్షల మంది ఉన్నారు. అందరికంటే పెద్ద ఊరు నైనీతాల్ కాదు, కొండల పాదాల దగ్గరున్న హల్ద్వానీ.

మన బోటి నీళ్ళ పనివాళ్ళకు ఆ నేల తీరు ఆశ్చర్యం కలిగిస్తుంది. కొండ దిగగానే గులకరాళ్ళ నేల వస్తుంది. దాన్ని భాబర్ అంటారు. కొండల్లో గలగల పారిన వాగులు అక్కడికి రాగానే రాళ్ళలో ఇంకి కనబడకుండా పోతాయి. ఇంకా దక్షిణానికి పోతే అవే నీళ్ళు ఊటలుగా పైకి వస్తాయి. అది తరాయి. ఒకప్పుడు మలేరియాతో నిండిన ఆ తరాయిలో థారూ, బుక్సా జనం మాత్రమే బతికేవారు. స్వాతంత్ర్యం వచ్చాక దేశ విభజనలో ఇళ్ళు పోగొట్టుకున్న పంజాబీ, బెంగాలీ కుటుంబాలు వచ్చి అడవి కొట్టి సేద్యం చేశాయి. దేశంలో మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1960లో అక్కడి పంత్‌నగర్‌లోనే వెలిసింది.

జిల్లాలో సరస్సులు చాలా ఉన్నాయి. భీమ్‌తాల్, సాత్‌తాల్, తొమ్మిది మూలలున్న నౌకుచియాతాల్ ముఖ్యమైనవి. అన్నిటికంటే పేరుపొందింది నైనీతాల్. సముద్రమట్టానికి 1,938 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండల మధ్య మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. ఆగ్నేయ కొసను తల్లీతాల్ అనీ, వాయవ్య కొసను మల్లీతాల్ అనీ పిలుస్తారు. కుమావూనీలో తల్లీ అంటే కింది, మల్లీ అంటే పై. బస్సు దిగి ఆ పేర్లు వినగానే మా ఆవిడ "తల్లి, మల్లి! మన వీధిలో వాళ్ళను పిలుస్తున్నట్టే ఉందండీ" అని నవ్వింది.

ఊరు పుట్టిన తీరు

సతీదేవి కన్ను పడిన చోటు ఇదని జనం నమ్మకం. ఒడ్డున నైనాదేవి ఆలయం ఉంది. అత్రి, పులస్త్య, పులహ మహర్షుల పేరిట దీన్ని త్రిఋషి సరోవరమని స్కాందపురాణంలోని మానసఖండం చెబుతుందంటారు. చుట్టుపక్కల పల్లెలవారు ఏడాదికొకసారి జాతరకు వచ్చి వెళ్ళేవారు తప్ప అక్కడ కాపురం ఉండేవారు కారు.

గూర్ఖాలతో యుద్ధం ముగిశాక కుమావూఁ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. ట్రెయిల్ అనే కమిషనరు ఈ సరస్సును ముందే చూశాడనీ, స్థల పవిత్రతను గౌరవించి తోటి దొరలకు చెప్పలేదనీ అంటారు. 1841లో షాజహాన్‌పూర్ చక్కెర వ్యాపారి బారన్ వచ్చాడు. దారి తెలియదని బుకాయించిన మనిషి నెత్తిన పెద్ద రాయి పెట్టించి, "నైనీతాల్‌లో రాళ్ళు లేవట, అక్కడిదాకా మోసుకురా" అన్నాడట. బరువు మోయలేక ఆ మనిషి దగ్గర దారి చూపేశాడు. ఆ కొండల మీద హక్కున్న నర్‌సింగ్ అనే పెద్దను తరువాత పడవలో సరస్సు నడిమికి తీసుకుపోయి, నీళ్ళలో తోస్తానని బెదిరించి హక్కు వదులుకున్నట్టు సంతకం చేయించుకున్నాడని కూడా చెబుతారు. ఊరు అట్లా మొదలైంది. ఇరవై ఏళ్ళలో బంగళాలు, చర్చి, బజారు వచ్చాయి. తరువాత అది వాయవ్య రాష్ట్రాల ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. 1884లో రైలు హల్ద్వానీకి, మరుసటి ఏడు కాఠ్‌గోదాంకు చేరింది.

1880 సెప్టెంబరు 18

ఆ ఊరి చరిత్రలో మరువరాని రోజు ఇది. సరస్సుకు ఉత్తరాన ఆల్మా కొండ ఉంది. 1866లోనూ, 1879లోనూ అది కొంత కొంత జారింది. అయినా కొండను చదును చేసి ఇళ్ళు కట్టడం ఆగలేదు. 1880 సెప్టెంబరు 16 గురువారం వాన పట్టుకుంది. ఆదివారం వరకు విడవలేదు. మొత్తం దాదాపు 33 అంగుళాలు కురిసింది. మన అనంతపురం జిల్లాలో ఏడాదంతా కురిసే వానకంటే ఇది ఎక్కువ.

శనివారం ఉదయం కొండ కొంత విరిగి విక్టోరియా హోటలు వెనుక భాగం మీద పడింది. కొందరు చిక్కుకున్నారు. వారిని తీయడానికి సిపాయిలు, కూలీలు, అధికారులు చేరారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, తవ్వకం జరుగుతుండగానే, కొండ చరియ మొత్తం ఒక్కసారిగా దిగింది. హోటలు, ఒడ్డునున్న ఆలయం, దుకాణం, సభా భవనం క్షణాల్లో పోయాయి. 151 మంది చనిపోయారు. అందులో 108 మంది భారతీయులు, 43 మంది తెల్లవారు. ఎక్కువ మంది సహాయానికి వచ్చినవారే. ఆ మట్టి పరచుకున్న మేరనే ఈనాటి మైదానం, ఫ్లాట్స్ అంటారు. ఈ రోజు పిల్లలు క్రికెట్ ఆడేది దాని మీదే. ఆలయాన్ని తరువాత ఇప్పుడున్న చోట తిరిగి కట్టారు.

కాలువలు

ఆ దెబ్బతో ప్రభుత్వానికి కళ్ళు తెరుచుకున్నాయి. వాన ఎంత పడిందన్నదే కాదు, పడిన నీరు కొండలో ఇంకకుండా ఎట్లా దిగాలన్నది ముఖ్యమని గ్రహించారు. కొండ వాలుల మీద రాతితో కాలువలు కట్టారు. చిన్నవి పెద్దవాటిలో కలిసి, పెద్దవి సరస్సులో పడతాయి. అరవైకి పైగా నాలాలు ఉన్నాయి. తల్లీతాల్ కొసన తూము తలుపులున్నాయి. అక్కడి నుంచి మిగులు నీరు బలియా నాలాలోకి పోతుంది. మన మాటల్లో చెప్పాలంటే చెరువు, తూము, అలుగు అన్నీ ఉన్నాయి. ఒక్క ఆయకట్టు మాత్రమే లేదు. దాని బదులు ఊరికంతటికీ తాగునీరు ఆ సరస్సే ఇస్తుంది.

ఒక ఉదయం నేనొక్కణ్ణే ఒక నాలా వెంట పైకి నడిచాను. గట్టు మీద నా వయసు మనిషి కూర్చుని ఉన్నాడు. ఆ ఊళ్ళోనే కాలువల పని చూసి రిటైరయినవాడట. పేరు రాయవద్దన్నాడు. నేనూ అదే పనివాణ్ణని చెప్పగానే "దాజ్యూ, రండి" అని పక్కన చోటు చూపించాడు. దాజ్యూ అంటే కుమావూనీలో అన్నగారు. "జూన్‌లో వానలకు ముందు ప్రతి నాలా కొసవరకు నడిచి పూడిక తీయించేవాళ్ళం. పైన ఒక్కడు మట్టి పోస్తే కింద వందమందికి తెలుస్తుంది" అన్నాడు. నాలాలో ప్లాస్టిక్ సంచులు, ఇటుక ముక్కలు ఉన్నాయి. ఒకచోట ఇంటి మెట్లు నాలా మీదికే వచ్చాయి.

ఏడాది క్రితం, 2021 అక్టోబరు 18, 19 తేదీల వాన గురించి కూడా ఆయనే చెప్పాడు. ముక్తేశ్వర్‌లో ఇరవై నాలుగు గంటల్లో 340.8 మిల్లీమీటర్లు పడింది. 1897 నుంచి అక్కడ లెక్కలు రాస్తున్నారు. అంత వాన ఎప్పుడూ లేదు. సరస్సు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. దారులు తెగి ఊరికి బయటితో సంబంధం లేకుండా పోయింది. అంతకు నాలుగేళ్ళ ముందు, 2017 వేసవిలో, ఇదే సరస్సు అంచులు మట్టి తేలేటంత ఎండింది. సరస్సుకు నీరు ఊరే సూఖాతాల్ గుంట చుట్టూ కట్టడాలు రావడం కూడా అందుకొక కారణమని తెలిసినవారు అంటారు. ఈ సంగతులపై చరిత్ర ఆచార్యులు అజయ్ సింగ్ రావత్ గారు వేసిన పిటిషన్ మీద సుప్రీం కోర్టు 1995లోనే తీర్పు ఇచ్చింది. సరస్సు అడుగు నీటికి ప్రాణవాయువు అందించే యంత్రాలు 2007 నుంచి పనిచేస్తున్నాయి.

నేను సంతకం చేసిన అలుగు

ఆయన "కొసవరకు నడిచి" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. 1983లో నా సెక్షనులో ఒక ఊరి చెరువుకు అలుగు కాలువ పూడిక పని జరిగింది. కాంట్రాక్టరు సగం తీసి బిల్లుకు వచ్చాడు. ఎండ మండుతోంది. నేను సగం దూరం నడిచి, మిగిలింది చూడకుండానే ఎం.బుక్కులో కొలతలు ఎక్కించి సంతకం చేశాను. ఆ వానాకాలం ఒక రాత్రి అలుగు నీరు పోవడానికి దారి లేక కట్ట తెగింది. నీరటికాడు డప్పు కొట్టి ఊరిని లేపబట్టి ప్రాణాలు దక్కాయి. పదకొండు ఇళ్ళు కూలాయి. నలభై ఎకరాల నాటు ఇసుకలో కలిసింది. విచారణలో కారణం "అధిక వర్షపాతం" అని రాసింది నేనే. అది అబద్ధం కాదు, వాన నిజంగానే ఎక్కువ పడింది. అయితే నా సంతకం సంగతి అందులో లేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ప్రమోషన్లు వచ్చాయి, పింఛను వచ్చింది.

ఆ రోజు ఆ కుమావూనీ మిత్రుడికి ఇది చెప్పాను. ఆయన తప్పుపట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఆ నీరటికాడికి మీరు ఏమైనా చెప్పారా?" అని మాత్రం అడిగాడు. ఇంటికి వచ్చిన నెలకు నేను ఆ ఊరు వెళ్ళాను. అతను పోయి చాలా ఏళ్ళయిందట. కొడుకు ఉన్నాడు. అతనికి చెప్పాను. అతను మాట్లాడకుండా నన్ను అలుగు కాలువ దగ్గరికి తీసుకుపోయాడు. ఈసారి కొసవరకు నడిచాను.

మనుషులు, మనవాళ్ళ జాడ

పింఛనుదారులకు ఆసక్తి కలిగించే మరొక సంగతి. వేటగాడుగా, రచయితగా ప్రసిద్ధుడైన జిమ్ కార్బెట్ 1875లో నైనీతాల్‌లో పుట్టాడు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. 1881లో ఆయన పోయాక తల్లి పెద్ద సంసారాన్ని ఈదింది. జిమ్ మొకామా ఘాట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా రైల్వే సరుకుల పని చేశాడు. మనిషిని తినే పులుల కబురు వస్తే కొండలకు వెళ్ళేవాడు. 1936లో ఏర్పడిన జాతీయ పార్కుకు తరువాత ఆయన పేరే పెట్టారు. 1947లో ఇల్లు అమ్మి కెన్యా వెళ్ళి 1955లో అక్కడే కన్నుమూశాడు. కాలాఢూంగీలోని ఆయన చలికాలపు ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

మనోరా శిఖరం మీద ఖగోళ పరిశోధనశాల ఉంది. దానికి మన హైదరాబాదుతో సంబంధం ఉంది. నిజామియా నక్షత్రశాలలో పనిచేసిన తండ్రి దగ్గర ఆకాశం చూడటం నేర్చి, నిజాం కాలేజీలో చదివిన వేణు బాప్పు గారు 1954 నుంచి 1960 వరకు దానికి సారథ్యం వహించారు. కాశీలో మొదలైన ఆ శాల 1955లో నైనీతాల్‌కు వచ్చింది ఆయన హయాంలోనే. ఇక కేంద్ర హోం మంత్రిగా 1956లో రాష్ట్రాల పునర్విభజన చట్టాన్ని పార్లమెంటులో నడిపించిన గోవింద వల్లభ పంత్ గారు కుమావూఁ మనిషే. ఆ చట్టంతోనే ఆంధ్రప్రదేశ్ అవతరించింది. హిందీ కవయిత్రి మహాదేవి వర్మ గారు రామ్‌గఢ్‌లో కట్టుకున్న ఇల్లు కూడా చూడదగినది.

తిండి సంగతి మా ఆవిడ చెప్పమంది. చలికి వాళ్ళు వండే గహత్ పప్పు మరేదో కాదు, మన ఉలవలే. మడువా అంటే రాగులు, ఝంగోరా అంటే ఊదలు. వెయ్యి మైళ్ళు పోయి ఉలవకట్టు తాగి వచ్చామని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం.

వెళ్ళదలచిన మిత్రులకు

ఢిల్లీ నుంచి కాఠ్‌గోదాంకు రైలు ఉంది. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు 35 కిలోమీటర్లు. మే, జూన్ నెలల్లో రద్దీ విపరీతం. అక్టోబరులో ఆకాశం శుభ్రంగా ఉండి మంచు కొండలు కనబడతాయి. జూలై, ఆగస్టు మాసాల్లో వెళ్ళవద్దు. మోకాళ్ళ నొప్పులున్నవారు మాల్ రోడ్డు చదునుగా ఉంటుంది కనుక అక్కడే నడవవచ్చు. బి.పి. మందులు, స్వెట్టరు మరువవద్దు. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల చూసుకుని టికెట్ తీసుకోండి.

పడవ ఎక్కండి, గుడికి వెళ్ళండి. ఓపిక ఉంటే ఒక్క నాలా వెంట కొంత దూరం పైకి నడవండి. మన ఊళ్ళలో కూడా చెరువులున్నాయి. పూడికతీత పనులు నడుస్తూనే ఉన్నాయి. మనలో కొలతలు తెలిసినవారు ఇంకా ఉన్నారు. వానలకు ముందు మన ఊరి అలుగు ఒకసారి నడిచి చూసి రావడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వచ్చే మే నెలలో నేను మూడు చెరువులు చూడాలనుకుంటున్నాను. తోడు వచ్చేవారు సంఘం కార్యాలయంలో పేరు ఇవ్వగలరు.