గేమ్ కంట్రోలర్ కొంటున్నారా? ధరకంటే ముందు చూడాల్సినవి ఇవీ

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్), దాని పరిసరాల్లోని ఆస్టినాబాద్ వంటి చోట్ల గేమ్ కంట్రోలర్ కొనాలంటే, హైదరాబాద్‌, విజయవాడల్లో కొనేవారికి లేని లెక్కలు కొన్ని వేసుకోవాలి. వస్తువు సముద్రం దాటి రావాలి. చెడిపోతే మళ్లీ సముద్రం దాటి వెళ్లాలి. అందుకే ఇక్కడ చవక అంటే తక్కువ ధర మాత్రమే కాదు, ఎక్కువ కాలం మన్నడం కూడా.

ముందు: దేనిమీద ఆడతారు?

పీఎస్5 ఉన్నవారికి ఎంపిక తక్కువ. పాత పీఎస్4 కంట్రోలర్‌తో పీఎస్5 కోసం తయారైన గేమ్‌లు ఆడలేం. ఎక్స్‌బాక్స్‌లో ఆ చిక్కు లేదు. ఎక్స్‌బాక్స్ వన్ కాలం నాటి కంట్రోలర్లు సిరీస్ ఎక్స్‌, ఎస్‌ల మీద కూడా పనిచేస్తాయి. కంప్యూటర్‌లో చాలా గేమ్‌లు ‘ఎక్స్‌ఇన్‌పుట్’ పద్ధతిని ఆశిస్తాయి కాబట్టి అది ఉన్న కంట్రోలర్ అయితే పెట్టగానే పనిచేస్తుంది.

ఫోన్‌లో ఆడేవారు గేమ్‌ను బట్టి నిర్ణయించుకోవాలి. కాల్ ఆఫ్ డ్యూటీ: మొబైల్ కంట్రోలర్లను అనుమతిస్తుంది. బీజీఎంఐకి అధికారికంగా ఆ సదుపాయం లేదు. బటన్లను మార్చి చూపే యాప్‌లతో ఆడితే ఖాతాకే ముప్పు. కేవలం బీజీఎంఐ కోసమైతే కంట్రోలర్ కొనకపోవడమే లాభం.

స్టిక్ లోపల ఏముంది?

చేయి తీసేసినా తెరమీద పాత్ర తనంతట తాను కదలడాన్ని ‘డ్రిఫ్ట్’ అంటారు. సాధారణ కంట్రోలర్ల స్టిక్‌లో పొటెన్షియోమీటర్ ఉంటుంది. అందులో ఒక భాగం మరోదానిమీద రాసుకుంటూ కదులుతుంది. కొన్నాళ్లకు అరుగుతుంది, దుమ్ము చేరుతుంది, కొలత తప్పుతుంది. సోనీ డ్యూయల్‌సెన్స్‌, మామూలు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ రెండింటిలోనూ ఉన్నది ఇదే. కొన్ని రకాల గేమ్‌లు బాగా ఆడితే డ్యూయల్‌సెన్స్ స్టిక్ సుమారు 417 గంటలకే దాని ఆయుర్దాయం దాటవచ్చని మరమ్మతుల సంస్థ ఐఫిక్సిట్ 2021లో లెక్కగట్టింది. రోజుకు రెండు గంటలు ఆడేవారికి అది ఏడు నెలలు. అందరికీ అంత త్వరగా చెడుతుందని కాదు, కానీ అరుగుదల తప్పదు.

దీనికి విరుగుడు ‘హాల్ ఎఫెక్ట్’ స్టిక్. అయస్కాంతం స్థానాన్ని సెన్సర్ తాకకుండానే కొలుస్తుంది. కొలిచేచోట రాపిడి లేదు కాబట్టి డ్రిఫ్ట్ వచ్చే అవకాశం బాగా తక్కువ. ఇది కొత్త సంగతేమీ కాదు, సెగా డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లోనూ ఉండేది. ఇప్పుడు గేమ్‌సర్ జీ7 ఎస్‌ఈ, 8బిట్‌డూ అల్టిమేట్ 2సీ వైర్‌లెస్ వంటి మధ్యతరగతి ధర మోడళ్లలో దొరుకుతోంది. స్ప్రింగులు, బటన్లు మాత్రం వీటిలోనూ అరుగుతాయి.

ఏది దేనికి మెరుగు?

*డ్యూయల్‌సెన్స్:* భారత్‌లో విడుదల ధర రూ.5,990. విల్లు లాగితే ట్రిగ్గర్ బిగుసుకోవడం, వానచినుకుల వంటి సన్నని కంపనాలు దీని ప్రత్యేకత. కంప్యూటర్‌లో మాత్రం ఈ సదుపాయాలు కొన్ని గేమ్‌లకే పరిమితం. పీఎస్5 లేనివారు వీటికోసం అంత డబ్బు పెట్టనక్కర్లేదు. బ్యాటరీ లోపలే ఉంటుంది, విప్పకుండా మార్చలేం.

*ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్:* రెండు డబుల్-ఎ సెల్స్‌తో నడుస్తుంది. 40 గంటల వరకు వస్తాయని మైక్రోసాఫ్ట్ చెబుతోంది. పాతకాలపు పద్ధతిలా కనిపించినా ద్వీపాల్లో ఇదే సౌకర్యం. సెల్స్ వీధి చివరి కొట్టులోనూ దొరుకుతాయి. ఛార్జ్ చేసుకునేవి కొంటే ఖర్చూ తగ్గుతుంది.

*గేమ్‌సర్ జీ7 ఎస్‌ఈ:* వైర్ ఉన్నది. ఎక్స్‌బాక్స్‌, కంప్యూటర్‌లకు పనిచేస్తుంది, పీఎస్5కు పనికిరాదు. బ్యాటరీయే లేదు కాబట్టి అది పాడయ్యే బెంగా లేదు.

*కాస్మిక్ బైట్‌, రెడ్‌గేర్ వంటి దేశీయ బ్రాండ్లు:* తక్కువ ధరలో మొదలవుతాయి. కంప్యూటర్‌కు సరిపోతాయి. ఒకే బ్రాండ్‌లో కూడా స్టిక్ రకం మోడల్‌కో తీరుగా ఉంటుంది, పెట్టె మీద చూసుకోవాలి.

ద్వీపాల లెక్క వేరు

విమాన రవాణాలో లిథియం బ్యాటరీలు ప్రమాదకర వస్తువుల నిబంధనల కిందకు వస్తాయి. అందుకే బ్యాటరీ ఉన్న మోడల్ మీ పిన్‌కోడ్‌కు వస్తుందా, ఎన్నాళ్లు పడుతుందన్నది డబ్బు కట్టకముందే చూడాలి. ఉప్పుగాలి, తేమ లోహపు కాంటాక్టులను తినేస్తాయి. ఆడటం అయ్యాక మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టడం, వాడని రోజుల్లో సెల్స్ తీసేయడం మంచిది.

చెన్నై నుంచి ద్వీపాలకు దాదాపు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక ఇంటర్నెట్ మెరుగుపడింది. అయినా ఆన్‌లైన్ గేమ్‌లో ఆలస్యం నెట్‌వర్క్ వల్ల అయితే ఖరీదైన కంట్రోలర్ దాన్ని తగ్గించలేదు. కంట్రోలర్ వల్ల పడే ఆలస్యం సాధారణంగా కొన్ని మిల్లీసెకన్లే.

చెడిపోతే?

వారంటీ ఎన్ని నెలలు, డ్రిఫ్ట్ అందులోకి వస్తుందా, పంపే ఖర్చు ఎవరిది? ఈ మూడింటికీ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బిల్లు దాచండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న ఊళ్లోనే కాదు, మీరు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. రూ.5 లక్షల లోపు కొనుగోళ్లకు రుసుము లేదు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915.

మొత్తంమీద పీఎస్5 ఉంటే డ్యూయల్‌సెన్స్ తప్పదు. కంప్యూటర్‌లో ఆడేవారికి హాల్ ఎఫెక్ట్ స్టిక్ ఉన్న వైర్ మోడల్ పెట్టిన డబ్బుకు ఎక్కువ న్యాయం చేస్తుంది. వైర్ వద్దనుకుంటే సెల్స్‌తో నడిచేది మేలు.