అనంతగిరి కాఫీవనములు - నీడ నిలిపిన చరిత్రము

విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవు ఘాటుమార్గమున అనంతగిరి పరిసరములందు కానవచ్చు కాఫీతోటలను జూచి, ఇవి కొండలతోడనే పుట్టినవని భావించు యాత్రికులు పెక్కుమంది కలరు. కాని మన మన్యమునకు కాఫీ వచ్చినది 1898లో; బ్రోడీ యను ఆంగ్లేయాధికారి గోదావరి మన్యమందలి పాములేరు లోయలో తొలి మొక్కలు నాటించెను. 1920 ప్రాంతముల జయపురము మహారాజావారు అరకు, అనంతగిరి, చింతపల్లి వైపునకు ఆ సాగును విస్తరింపజేసిరి. స్వాతంత్ర్యానంతరము అటవీశాఖ దీనిని చేపట్టుట ముఖ్యముగా పోడుచే బోడులైన ఏటవాలులపై మట్టి కొట్టుకొనిపోకుండ కాపాడుటకే. 1975లో అవతరించి స్వర్ణోత్సవము జరుపుకొనుచున్న ఆంధ్రప్రదేశ్ అటవీ అభివృద్ధి సంస్థకు ఆ వనములు వారసత్వముగా సంక్రమించినవి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరము దాటినప్పుడు విశాఖనగరము పడిన పాట్లు లోకమెల్ల నెరుగును. కొండపై జరిగిన నష్టమును అంతగా ఎవరును చెప్పుకొనలేదు. దశాబ్దములుగా పెరిగిన సిల్వర్ ఓక్ వృక్షములు వేళ్లతో పెకలి, తమను పెనవేసికొనిన మిరియపు తీగెలతో గూడ కాఫీచెట్లపై కూలినవి. కూలినవాని కంటె నిలిచిన కాఫీచెట్ల గతియే మరింత శోచనీయము. ఇచ్చటి అరబికా కాఫీ నీడపట్టున బ్రదుకు చెట్టు. ఆ నీడ తొలగినంతనే ఆకులు మాడును, ఎండసోకిన కాండపు పగుళ్లలో తెల్ల కాండము తొలుచు పురుగు గ్రుడ్లు పెట్టును, వానినుండి వెలువడిన పురుగు లోలోపల చెట్టును గుల్లచేయును.

కనుక తోటను పునరుద్ధరించుట యనగా మొట్టమొదట నీడను మరల నిర్మించుటయే. త్వరగా ఎదుగు సిల్వర్ ఓక్‌ను తిరిగి నాటుట సులభము. అయినను దాని నొక్కదానినే నమ్ముకొనుట యుక్తము కాదనియు, పనస, నేరేడు వంటి మన చెట్లు నడుమ నడుమ ఉండితీరవలెననియు నా దృఢవిశ్వాసము. విరిగిన కాఫీచెట్టును పెరికివేయ నక్కరలేదు. మొదలు గట్టిగా నున్నచో నేలకు అడుగెత్తున ఏటవాలుగా కోసి, కోతకు మందు పూసి విడిచిన కొన్నాళ్లకు చుట్టును చిగుళ్లు గుంపుగా లేచును. వానిలో బలమైన ఒకటి రెండింటిని నిలిపి తక్కినవి గిల్లివేయుదురు. ఆ ఎంపిక గిరిజన స్త్రీల వ్రేళ్లకు తెలిసిన విద్య. పండుకోతలో ఎర్రబారినదానిని మాత్రమే త్రుంచి, పచ్చికాయను కొమ్మపైననే విడుచునదియు ఆ చేతులే.

2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గౌరవమున ఆ గిరిజన స్త్రీల పాలు పెద్దది. ఈ స్వర్ణోత్సవ సంచికలో సంస్థాధికారుల చిత్రములతో పాటు, తోటలలో తరతరములుగా పనిచేసిన గిరిజన కుటుంబముల పేర్లును గ్రామములవారీగా అచ్చు వేయవలసినదని సంపాదకులను ప్రార్థించుచున్నాను.