మధుమేహ సంరక్షణలో మొబైల్ ఫోన్

షుగర్ ఉన్నవాళ్లు వేళకు మాత్ర వేసుకోవడానికి, పరీక్షల అంకెలు దాచుకోవడానికి, తిండినీ నడకనూ గాడిలో పెట్టుకోవడానికి ఫోన్ ద్వారా అందే సాయాన్ని మొబైల్ ఆరోగ్య సేవ అంటారు. ఎస్సెమ్మెస్, కాల్ సెంటర్, యాప్, ఆశా కార్యకర్త చేతిలోని ట్యాబ్ అన్నీ ఇందులోకే వస్తాయి. డాక్టరును కలిసేది ఏ రెండు మూడు నెలలకో. మిగతా రోజులన్నీ రోగి ఒక్కడే నెట్టుకు రావాలి.

తెలుగునేలపై ఇది మాటతో మొదలైంది. 2007లో హైదరాబాద్ కేంద్రంగా 104 కాల్ సెంటర్ వచ్చింది. స్మార్ట్‌ఫోన్ సామాన్యుల జేబులోకి రాని రోజులవి. ఏ ఫోన్ నుంచైనా తెలుగులో వైద్య సలహా అడగొచ్చు. ఆ తర్వాత 104 వాహనాలు నెలకోసారి ఊళ్లకు వచ్చి బీపీ, షుగర్ చూసి మందులిచ్చేవి. సలహా, మాత్ర రెండూ ఒకే అంకె పేరు మీద దొరకడం ఆ ఏర్పాటుకున్న బలం.

గట్టి రుజువు 2013లో వచ్చింది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం, షుగర్ గుమ్మం దాకా వచ్చిన 537 మంది ఉద్యోగస్థులైన మగవాళ్లను రెండేళ్లు గమనించింది. సగం మందికి తిండి గురించి, వ్యాయామం గురించి ఎస్సెమ్మెస్‌లు పంపారు. మార్పుకు ఆ మనిషి ఎంతవరకు సిద్ధపడ్డాడో చూసి రాసిన సందేశాలవి. అవి అందనివారిలో 27 శాతం మందికి మధుమేహం వస్తే, అందినవారిలో 18 శాతానికే వచ్చింది. అయితే భారత్, బ్రిటన్‌లలో 2,062 మందిపై చేసి 2020లో ప్రకటించిన మరో అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొదటి ఫలితాన్ని మాత్రమే చెప్పి ఊరుకోవడం రోగులకు అన్యాయం.

2016లో కేంద్ర ప్రభుత్వం ఎం-డయాబెటిస్ అనే ఫోన్ సందేశాల సేవను తెచ్చింది. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, సందేశాలు వస్తాయి. పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి గుండెజబ్బు ముప్పును లెక్కగట్టించింది. ముప్పున్నవారిని గుర్తించగలిగారు గానీ, 2019లో ప్రకటించిన ఫలితాల్లో బీపీ అదుపు పెద్దగా మెరుగుపడలేదు.

హైదరాబాద్ శివారులోని లింగంపల్లి పరిస్థితి ఆ పల్లెలకు వేరు. 1998లో దగ్గర్లో ఐటీ సంస్థల సైబర్ టవర్స్, 2003లో ఎంఎంటీఎస్ రైలు వచ్చాక ఈ శివారు కుర్చీ ఉద్యోగాల ఊరైంది. పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి, 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని 2025లో ప్రకటించారు. షుగర్‌కు దారితీసే ఇన్సులిన్ నిరోధకతతో చుట్టరికమున్న జబ్బది.

ఇక్కడ ఫోన్‌కు కొదవ లేదు. పరగడుపున వేలు గుచ్చి, నెత్తుటిబొట్టు స్ట్రిప్‌కు తాకిస్తే, గ్లూకోమీటరు చూపిన అంకె బ్లూటూత్‌లో యాప్‌కి చేరిపోతుంది. చిక్కంతా తిండి దగ్గరే. రెండు పుల్కాలని నమోదు చేయడం తేలిక. అమ్మ కొసరి వడ్డించిన పప్పన్నం ఎన్ని గ్రాములో ఎవరు చెప్పగలరు? అమెరికా తిండి గీటురాయిగా తయారైన యాప్ రాత్రి షిఫ్టులో రెండింటికి తిన్న బిర్యానీని ఏ పూట భోజనంగా లెక్కేస్తుంది?

అవే ఐటీ టవర్లకు రాత్రి కాపలా కాసే మనిషికి ఆ మీటరూ ఉండదు, నెలనెలా స్ట్రిప్‌లు కొనే స్తోమతా ఉండదు. 30 ఏళ్లు దాటినవారి బీపీ, షుగర్ వివరాలను ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్‌ఎంలు నమోదు చేసే ప్రభుత్వ యాప్ 2018 నుంచి ఉంది. ఆ కాపలాదారు పేరు ఫోన్‌లోకి ఎక్కేది ఏఎన్‌ఎం అతని గుమ్మంలోకి వచ్చిన రోజునే.